చేతులు కడుక్కున్న ఆదివారం

నిన్నటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆ ఫోటో తీసింది నేను. చదివిన నవలలో నచ్చిన వాక్యం దగ్గర్నుంచి ఇండియన్ స్టోర్‌లో దొండకాయలు దొరకని రోజు వరకూ అన్నీ డైరీలో రాసుకునే నేను, ఈ ఒక్కటి మాత్రం అందులోనూ రాసుకోలేదు.

పోయిన వారం, నేను ఒకప్పుడు పనిచేసిన కార్ల రేసింగ్ టీమ్ మళ్ళీ ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ సాయంత్రానికల్లా మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నిటిలోనూ వాళ్ళ చరిత్ర చెప్పే వీడియో ఒకటి తిరగడం మొదలైంది. అది మొదలయ్యేదే వాళ్ళ తొలి గెలుపు నాటి ఆ ఫోటోతో. గ్రీజూ బ్రేకుల మసీ టైర్ల నలుపూ అంటిన అరచేతులు కెమెరా వైపు చాచి, నవ్వుతూ నిలబడ్డ మనుషులు. తీసిందెవరో కింద ఎక్కడా ఉండదు. నేనే అని చెబితే, మరి నువ్వెందుకు లేవని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు జడిసి మొదటి మాటే మింగేస్తూ వచ్చాను.

చదువుకోడానికి ఎఫ్-వన్ వీసా మీద అమెరికా వచ్చి, తెలిసినవాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండి, పైన అంకుల్ అడుగుల చప్పుడును బట్టి టైమెంతయిందో చెప్పగలిగిన నా ఈడు వాళ్ళకు ఇదంతా ఎక్కువ వివరించనక్కర్లేదు. మాస్టర్స్ అయ్యాక క్లాసులో అందరూ పెద్ద కార్ల కంపెనీల్లో చేరిపోతుంటే, ఇంటర్వ్యూల్లో నోరు పెగలని నాకు ఈ టీమ్‌లో పని దొరికింది. ఇప్పుడంటే అద్దాల మేడ కట్టారు గానీ, అప్పుడది మూతపడిన గేర్ల ఫ్యాక్టరీ వెనక ఒక రేకుల షెడ్డు. ఫ్యాక్టరీతో పాటు ఉద్యోగాలు పోయిన కొందరిని కూడగట్టుకుని, ఎవరో వాడి వదిలేసిన కారు కొని, మేమంతా పెద్దాయన అని పిలిచే యజమాని మొదలుపెట్టాడట. మొదటి రేసులో అందరికంటే చివర వచ్చారు. అయినా దారిలో ఆగిపోకుండా చివరి దాకా వచ్చామన్న సంతోషంలో, చేతులు కడుక్కోవడం కూడా మరిచి నిలబడితే పెద్దాయన భార్య ఫోటో తీసిందట. అప్పటి నుంచి అదే ఆచారం. మంచి రోజున ముందు ఫోటో, తర్వాతే సబ్బు. అరచేయి నల్లగా లేనివాళ్ళు వరుసలో నిలబడకూడదు. గ్లవ్స్ వేసుకుని నడిపే డ్రైవర్‌కు ఒక్కడికే మినహాయింపు, అదీ వెనక వరుసలో.

నా పని టైర్లు. టైర్లు మార్చుకోవడానికి కారు ట్రాక్ మీంచి లోపలికి రాగానే టైరులో సూది గుచ్చి వేడి చూడటం, విప్పిన టైరు మీద అంటుకున్న రబ్బరును వేడిగాలితో మెత్తబరిచి గీకి, ఎంత అరిగిందో చూడటం. గ్లవ్స్ వేసుకుంటే టైరు చెప్పేది చేతికి వినపడదనేవాడు పెద్దాయన. ఆ నలుపు గోళ్ళ కిందికి చేరితే వారం దాకా వదలదు. తలా ఒక వంట తెచ్చే ఉగాది పాట్‌లక్‌లో అందరూ ప్లేటు పట్టుకున్నట్టు నేను పట్టుకునేదాన్ని కాదు, గోళ్ళు కనబడకుండా కింద నుంచి అరచేతి మీద నిలబెట్టుకునేదాన్ని. ఎవరైనా ఎక్కడ పనిచేస్తున్నావమ్మా అంటే ఆటోమొబైల్ సైడ్ అని గొణిగి, గారెలు బాగున్నాయని మాట మార్చేదాన్ని.

ఒక వేసవిలో ఇంటి ఆంటీ నాకు జెర్సీ సిటీ నుంచి ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయికి మాన్‌హాటన్‌లో బ్యాంకు ఉద్యోగం. ఆంటీ మనసు మంచిది, నేను ట్రాక్‌కు వెళ్ళే ప్రతిసారీ పెరుగన్నం కట్టి ఇచ్చేది. ఒక శుక్రవారం డబ్బా చేతికిస్తూ అంది: "అమ్మాయ్, నువ్వు కార్ల కంపెనీలో డేటా అనలిస్ట్‌వని చెప్పానే. ఈ టైర్లూ గీర్లూ అన్న మాట ఎత్తకు. వాళ్ళు ఆన్‌లైన్‌లో అన్నీ వెతుకుతారు. మెకానిక్‌లా ఫోటో కనబడిందో, ఇంక ఫోన్ కూడా చెయ్యరు." సరే ఆంటీ అన్నాను. ఆవిడ నాకు కొత్తగా సిగ్గు నేర్పలేదు, ఉన్నదానికే కారణం చూపించింది.

ఆ ఆదివారమే మేము మొదటిసారి గెలిచింది. చివరిసారి కారు లోపలికి వచ్చినప్పుడు మిగతా టీములన్నీ టైర్లు మారుస్తున్నాయి. నేను వెనక టైరు మీద అరచేయి ఆనించి చూశాను. నలుగురిలో నోరు విప్పని నేను పెద్దాయన చొక్కా చెయ్యి పట్టి లాగి, మార్చొద్దు, ఇది చివరిదాకా ఆగుతుంది అన్నాను. ఆయన నా ముఖం కూడా చూడలేదు, ఇంధనం పోసి పంపించెయ్యమన్నాడు. అక్కడ మిగిలిన కాసిని క్షణాలే మమ్మల్ని గెలిపించాయి. టైర్లు బిగించే మా లావుపాటి మెకానిక్ నన్ను పసిపిల్లలా ఎత్తి గిరగిరా తిప్పాడు. అంత ఆనందం నాకు మళ్ళీ దొరకలేదు.

ఫోటోకు రమ్మని పెద్దాయన కేక వేశాడు. అందరూ అటు పరిగెత్తారు. నేను ట్రెయిలర్ వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి, నారింజ వాసన వేసే గ్రీజు సబ్బుతో, గోళ్ళ సందుల్లో బ్రష్ పెట్టి మరీ చేతులు కడుక్కున్నాను.

తిరిగి వచ్చి, మరిచిపోయి కడిగేసుకున్నానన్నాను. మెకానిక్ నా చేతులు పైకెత్తి అందరికీ చూపించి, "ఆపరేషన్‌కు డాక్టరమ్మ వచ్చిందిరోయ్, పక్కకు తప్పుకోండి!" అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు, నేనూ నవ్వాను. పెద్దాయన తన అరచేయి చాచి, ఇదిగో ఇక్కడ కావలసినంత నలుపుంది, కాస్త రాసుకో అన్నాడు. వద్దులెండి, నేను తీస్తానని కెమెరా అందుకున్నాను. ఆయన భార్య మాత్రం నవ్వలేదు. నేను కెమెరా ఎవరికో ఇచ్చేసి వస్తాననుకుందో ఏమో, మోచేయి పక్కకు జరిపి మనిషి పట్టేంత చోటు ఉంచింది. అది కెమెరాలో నాకు స్పష్టంగా కనబడింది. కనబడుతుండగానే నొక్కాను.

జెర్సీ సిటీ వాళ్ళు జాతకాలు కుదరలేదన్నారు. ఉద్యోగంలో కొనసాగడానికి కావలసిన హెచ్-వన్ వీసా నాకు వేసే స్తోమత ఆ చిన్న టీమ్‌కు లేకపోయింది. ఏడాది తిరక్కుండా పెద్ద కంపెనీలో డేటా ఉద్యోగంలో చేరాను. అలా ఆంటీ చెప్పిన అబద్ధం నిజమైంది. వాళ్ళు గెలుస్తూనే ఉన్నారు. ఇప్పుడు షెడ్డు లేదు, పెద్దాయనా లేడు. టైర్లు మార్చేవాళ్ళను ఆటగాళ్ళలా ఎంపిక చేసి కసరత్తు చేయిస్తారట. అందరికీ గ్లవ్స్. కానీ ఫోటో ఆచారం పోకూడదని, గెలిచాక ఎవరో నల్లరంగు డబ్బా తెచ్చి అరచేతులకు పూస్తారని ఆ మెకానిక్ ఒకసారి ఫోన్‌లో చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళు పూసుకుంటున్న నలుపు నాకు నిజంగా ఉండేది. ఇప్పుడు మా ఆఫీసు కీబోర్డు మీద నా చేతులు ఎంత తెల్లగా ఉంటాయో చూసుకుంటే, మెచ్చుకోవడానికి ఒక్కరూ లేని శుభ్రం అనిపిస్తుంది.

నిన్న ఉదయం ఆంటీ ఫోన్ చేసింది. ఆవిడకూ ఆ వీడియో చేరిందట. "ఒసేయ్, ఇది నువ్వు పనిచేసిన టీమే కదే? మా కోడలికి చెబితే నమ్మట్లేదు. నువ్వెక్కడున్నావో చెప్పు, జూమ్ చేసి చూపిస్తాను" అంది. గొంతులో ఎంత గర్వమో. నేను అందులో లేను ఆంటీ, ఆ ఫోటో తీసింది నేనే అన్నాను. ఇన్నేళ్ళుగా దాచిన మాట అంత తేలిగ్గా బయటికొచ్చేసింది.  ఆవిడ నిజంగానే నా మీద జాలిపడుతూ అంది:

"అయ్యో పిచ్చిపిల్లా, కెమెరా ఎవరికైనా ఇచ్చి నువ్వూ వెళ్ళి నిలబడొచ్చు కదే! ఎవరొద్దన్నారు?"