ఆఖరి రీలుకు నేను చెప్పిన అర్థం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు, ఆమె స్నేహితురాళ్లు ఇద్దరు ముందుగదిలో కూర్చుని ఏదో కొత్త దయ్యాల సినిమా చూశారు. అది అయిపోయిందో లేదో, ఒకరి మాట ఒకరు పడనివ్వకుండా వాదులాట మొదలుపెట్టారు. పేరున్న నటులెవరూ లేకుండా ఎవరో కుర్రవాళ్లు తక్కువ డబ్బుతో తీసిన సినిమా అట. ఒకమ్మాయికి తెగ నచ్చింది, ఇంకొకమ్మాయేమో రెండు గంటలు భయపెట్టి చివరికి దయ్యమే లేదంటే అది మోసం కాదా అని కోపగించుకుంది. గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతున్న నన్ను, నువ్వు చెప్పు నానమ్మా, దయ్యం ఉందంటే బాగుంటుందా, లేదంటే బాగుంటుందా అని మనవరాలు తీర్పు అడిగింది. సరదాకే అడిగింది. నాకు మాత్రం చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. అలాంటి ప్రశ్నకే పదహారేళ్ల వయసులో నేనొక జవాబు చెప్పాను. ఆ జవాబు అబద్ధమని ఇంతవరకు, ఒక్కరికి తప్ప, ఎవరికీ చెప్పుకోలేదు.

మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు బెల్లంపల్లి గనుల దగ్గర, కిందికి దిగే కార్మికులకు దీపాలిచ్చే గదిలో గుమాస్తా. మేముండే కోటర్ల వరుసలో ఎక్కువమంది కరీంనగర్ పల్లెల నుంచి సేద్యం వదిలి బొగ్గుపనికి వచ్చినవాళ్లే. వెనుక వరుసలో హిందీ మాట్లాడేవాళ్లు, ఆ పక్కన మరాఠీ వాళ్లు ఉండేవారు. మా వరుస ఆడవాళ్లకు బజారులో కూరగాయలు బేరమాడేంత హిందీ వచ్చేది, అంతకు మించి రాదు. నేను నిజాం కాలపు బడిలో నాలుగేళ్లు ఉర్దూలోనే చదివాను. ఆ తరువాత తెలుగు అక్షరాలు బాపు దగ్గర నేర్చుకుని, దొరికిన ప్రతి కాగితమూ, చివరికి పల్లీల పొట్లం విప్పిన కాగితం కూడా చదివేదాన్ని. నలుగురిలో నోరు పెగిలేది కాదు. ఎవరైనా పలకరిస్తే తల దించుకుని గోడ పక్కకు జరిగేదాన్ని. చెప్పాలనుకున్నవన్నీ బాపు తెచ్చిచ్చిన అట్టపుస్తకంలో రాసుకుని, ఆ పుస్తకాన్ని ట్రంకుపెట్టెలో బట్టల అడుగున దాచుకునేదాన్ని.

మీరు నా వయసు వాళ్లయితే డేరా సినిమా సంగతి మీకు వేరుగా చెప్పనక్కరలేదు. కోతలు అయిపోయాక, చలి మొదలయ్యే రోజుల్లో బజారు వెనుక మైదానంలో డేరా వేసేవారు. ఆడవాళ్లకు మగవాళ్లకు మధ్య ఒక పరదా కట్టి, ఇటు మేమంతా బొంతలు పరుచుకుని కూర్చునేవాళ్లం. ఒకటే మిషను కాబట్టి ఒక్కో రీలు అయిపోగానే బొమ్మ ఆగి దీపం వెలిగేది. వచ్చేవన్నీ దాదాపు హిందీ సినిమాలే. కాబట్టి మా వరుసలో ఒక అలవాటు ఏర్పడింది. సినిమాకు పోయేటప్పుడు ఆడవాళ్లంతా కలిసి, నా టికెట్టు వాళ్లే తీసి, నన్ను నడుమ కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవారు. తెర మీద మాటకు మాట నేను మెల్లగా తెలుగులో చెప్పాలి. రీలు మారేటప్పుడు వెనుక కూర్చున్నవాళ్లకు మరోసారి చెప్పాలి. ఇంట్లో నోరెత్తని నేను, చీకట్లో, ఎవరి ముఖమూ కనబడని చోట, ఎలా అంత ధారగా చెప్పేదాన్నో నాకే ఆశ్చర్యం. పదిహేను ఇరవైమంది ఆడవాళ్లు నా గొంతు కోసం మెడలు చాచి ముందుకు వంగేవారు.

నా పదహారో ఏట వచ్చిన దయ్యం సినిమా కూడా చిన్న సినిమాయే. తెలిసిన తార ఒక్కరూ లేరు, పాటలు రెండో మూడో. ఒక పాత హవేలీ, అందులో ఇద్దరు అన్నదమ్ములు, వాళ్లకు చనిపోయిన ఒక చెల్లెలు. ఆమె తెల్లచీరతో, విరబోసుకున్న జుట్టుతో, మాటలు లేని ఒక రాగం తీస్తూ కిటికీలో కనిపిస్తుంది. ఆమె కనిపించిన ప్రతిసారీ మా వాళ్లు కేకలు పెట్టి, ఒకరి భుజంలో ఒకరు తలలు దాచుకుని, వెంటనే కిలకిలా నవ్వుకున్నారు. మా పక్క కోటరు పెద్దవ్వ నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

ఆఖరి రీలులో ముసలి నౌకరు ఒకడు ఊరివాళ్ల ముందు నిలబడి చాలాసేపు మాట్లాడాడు. మంచి బరువైన ఉర్దూ. నాకు ప్రతి మాటా అర్థమైంది. ఆ చెల్లెలు చావలేదు, ఆస్తిలో వాటా అడుగుతుందని అన్నలే ఆమెను లోపల పెట్టి తాళం వేశారు, ఎవరూ ఆ గుమ్మం తొక్కకుండా దయ్యమని పుకారు పుట్టించారు, ఇదీ అతను చెప్పింది. తరువాత ఆమె తాళం తీసిన తలుపు తోసుకుని బయటికి వచ్చి, పొగమంచులో నది ఒడ్డుకు నడిచి, పడవెక్కి అవతలికి పోయింది.

పెద్దవ్వ నా మోచేయి పొడిచి, "ఏమంటుండు పిల్లా గా ముసలోడు? జల్ది చెప్పు" అంది.

చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. దయ్యం లేదని చెబితే ఇంతసేపటి భయం, ఆ భయంలో ఉన్న సంతోషం, అంతా చప్పబడిపోతుందనిపించింది. ఇంకొకటి కూడా ఉంది, దాచడమెందుకు? నౌకరు చెప్పిన దానికంటే నా మనసులో అప్పటికే అల్లుకున్న కథే నాకు బాగా అనిపించింది. "దయ్యానికి విముక్తయిందట పెద్దవ్వా, నది దాటి పోతుంది" అన్నాను. వెనుక నుంచి ఎవరో చేతులు జోడించినప్పటి గాజుల చప్పుడు వినిపించింది. ఇంటికి వచ్చి అట్టపుస్తకంలో మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నాను, ఆమె బతికున్న మనిషేనని.

మరునాడు నల్లా దగ్గర బిందెలు నిండేదాకా ఆ సినిమా ముచ్చటే. మా వాళ్ల అభిప్రాయాలు వినాలి మీరు. "గదేం సినిమానే, కడుపునిండ ఏడుద్దామంటే ఒక్క ఏడ్పు లేకపాయె" అని ఒకామె అంటే, "ఏడ్వనీకి సినిమాకే వోవాల్నా, నీ మొగడు లేడా ఇంట్ల?" అని మరొకామె అందుకుంది. "నేనైతే మొత్తం జూసిన, కండ్లు మూసుకొని" అన్నది ఇంకొకామె. రాత్రిపని ముగించుకుని వస్తున్న పెద్దయ్య, అంటే పెద్దవ్వ భర్త, ఈ మాటలు విని నిలబడ్డాడు. ఆయన అంతకు ముందు రోజే ఆ సినిమా చూశాడు.

"ఏం దయ్యమే? గది దయ్యం గాదు, బతికున్న పిల్లనే. అన్నలే లోపటేసిండ్రు" అన్నాడు.

పెద్దవ్వ ఊరుకుంటుందా? "సాల్తియ్. సగం సినిమా బీడీ తాగవోయినోనివి, నీకేం ఎరుక? గీ సదువుకున్న పిల్లనడుగు."

బిందెలు పట్టుకున్న అందరి ముఖాలూ నా వైపు తిరిగాయి. పెద్దయ్య కూడా నా ముఖంలోకి చూశాడు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. ఆ క్షణాన ఒక్క మాట చాలు. నేను తల దించుకుని, "దయ్యమే" అన్నాను. వాళ్లంతా గొల్లున నవ్వారు. పెద్దయ్య తనకే సరిగా అర్థం కాలేదేమోనన్నట్టు తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ఇక్కడ పెద్దవ్వ కోడలి సంగతి చెప్పాలి. వదిన హుజూరాబాద్ దగ్గరి పల్లె పిల్ల, నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. వచ్చిన ఏడాదికే మూడో నెల కడుపు పోయింది. అప్పటినుంచి పొద్దంతా పని చేసి, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు వెనుక గడప మీద కూర్చుని, జుట్టు విప్పుకుని, వాళ్ల ఊరి నాట్లపాటల రాగం ఏదో లోలోపల తీసుకుంటూ ఉండేది. పిలిస్తే ఒక్కోసారి పలికేది కాదు. నేను పక్కన కూర్చుని కథల పుస్తకం చదివి వినిపిస్తే మాత్రం ఊ కొట్టేది. ఆ వరుసలో నేను పగటి వెలుతురులో గొంతు విప్పింది ఆమె దగ్గరే. ఆ రోజు సినిమాకు ఆమెను ఇంటి కాపలాకు ఉంచి వెళ్లాం. వచ్చి కథ చెప్పమని నన్ను ముందే అడిగింది కూడా.

ఆ కథ చెప్పే వీలు రాలేదు. రెండు రోజులు తిరక్కుండానే నల్లా దగ్గర మాట మారింది. పెద్దవ్వ కోడలు అచ్చం గా సినిమాల పిల్ల లెక్కనే కూసుంటది గదా అని ఎవరో అన్నారు. గా రాగం కూడ గట్లనేనని మరొకరు కలిపారు. పెద్దవ్వ చెడ్డ మనిషి కాదు, పోయిన కడుపు గురించి కోడలితో సమానంగా ఏడ్చిన మనిషి. కోడలికి దయ్యం పట్టిందని ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది. మా అవ్వ, అంటే అమ్మ, నన్ను ఆ గడప వైపు పోవద్దంది. నేను పోలేదు. డేరా వాళ్లు మామూలుగా మూడు రోజులకు మార్చే సినిమాను ఆ వారమంతా ఆడించారు. మా వాళ్లు కొందరు మళ్లీ వెళ్లి చూసి, కొత్తగా పోలికలు వెతుక్కుని వచ్చారు.

పెద్దవ్వ పక్క ఊరి నుంచి మంత్రగాణ్ని పిలిపించింది, పట్టపగలు, మగవాళ్లు పనిలో ఉన్న వేళ. గోడకు ఇవతల మా వంటింట్లో నేనున్నాను. వేపమండల దెబ్బలు, మిరపకాయల పొగ, దగ్గు, అన్నీ గోడ దాటి వచ్చాయి. నువ్వెవ్వలు, నీ పేరేంది అని వాడు గద్దించి అడుగుతుంటే వదిన తన పేరే చెప్పింది. మళ్లీ దెబ్బ. మళ్లీ అదే పేరు. ఆమె ఎన్నిసార్లు తన పేరు చెప్పిందో లెక్క తెలియదు, చివరికి చెప్పడం మానేసింది. మా అవ్వ చెవులు మూసుకుని దేవుడి పటం ముందు కూర్చుంది. నేను లేచి ఆ ఇంటికి పోయి, పెద్దవ్వా, నేను అబద్ధం చెప్పిన, ఆ సినిమాల దయ్యమే లేదు అని ఒక్క మాట అనాలనుకున్నాను. గుమ్మం దాకా వెళ్లి, అక్కడున్న ఆడవాళ్ల చెప్పులు చూసి వెనక్కి వచ్చాను. సిగ్గరిని కాబట్టి అనలేకపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. డేరాలో సిగ్గు అడ్డం రాలేదు కదా. అబద్ధమాడిందని తెలిస్తే మళ్లీ నన్నెవరూ నడుమ కూర్చోబెట్టుకోరనే భయమే అది.

నాలుగో రోజున ఆమె అన్న వచ్చి జమ్మికుంట బండికి తీసుకుపోయాడు. మూట చంకన పెట్టుకుని మా ఇంటి ముందు నుంచి నడిచింది, కాసేపు ఆగింది. నేను తలుపు చాటున ఉన్నాను. ఆ రోజు అట్టపుస్తకంలో, వదిన వాళ్ల ఊరికి పోయింది అని ఒక్క వాక్యం ఉంది. మళ్లీ ఆమెను తీసుకురాలేదు. రెండేళ్లకు పెద్దవ్వ కొడుక్కు, నేను అన్నా అని పిలిచే ఆయనకు, వేరే పెళ్లి చేశారు.

నా పెళ్లయి, మా పెద్దవాడికి అక్షరాభ్యాసం చేయించడానికి బాసర వెళ్లినప్పుడు గోదావరి మెట్ల మీద ఆమె కనిపించింది. తన అన్న కూతురికి పలక పట్టించడానికి వచ్చారట. జుట్టు బిగించి ముడి వేసుకుంది, బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొనలు నల్లబడ్డాయి. నేనే ముందు తల తిప్పుకోబోయాను, ఆమే గుర్తుపట్టి చేయి పట్టుకుంది. అందరినీ పేరుపేరునా అడిగింది. "మీ అన్న మంచిగున్నడా? ఎందరు పిల్లలు?" అని కూడా అడిగింది. తరువాత పిల్ల తడిసిన లంగా పిండుతూ, "గప్పుడు మీరంత చూసొచ్చిన గా దయ్యం సినిమ కత నాకు చెప్పనే లేదు గద పిల్లా. ఏముండె అండ్ల?" అంది.

అప్పుడు చెప్పాను. మొదటి నుంచి, నౌకరు చెప్పిన మాటలతో సహా. "దయ్యం లేదు వదినా. బతికున్న మనిషే. దయ్యమని అందరికి నేనే చెప్పిన."

లంగా పిండుతున్న చేతులు ఆగాయి. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె నది వైపు చూసి, "మరి గా పిల్లను ఎవ్వలన్న ఇంటికి తోలుకవోయిండ్రా?" అని అడిగింది.

"లేదు. ఒక్కతే పడవెక్కి పోయింది."

ఆమె తడి లంగాను మెట్టు మీద ఆరేసి, అంచులు సరిచేసి, ఇంకెవరి గురించో చెబుతున్నంత నిదానంగా అంది, "నువ్వు గప్పుడు చెప్తే మా అత్త ఇనేదే పిల్లా. నీ మాటంటే ఆమెకు మస్తు నమ్మకముండె."

ఆ తరువాత పిల్ల ఏడ్చింది, ఆమె లేచి వెళ్లిపోయింది. మళ్లీ నేను ఆమెను చూడలేదు.

ఇప్పుడు ఏ భాష సినిమా అయినా కింద తెలుగు అక్షరాలు వస్తాయి. ఎవరికి వాళ్లు చదువుకుంటారు, ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పుకుంటారు, ఒకరి నోటి అర్థం మీద ఇంకొకరు ఆధారపడే అవసరం లేదు. ఇది మంచికే జరిగిందని నాకు తెలుసు. నా వంటి పిల్ల చేతిలో ఒక కాలనీ ఆడవాళ్లందరి కళ్లూ చెవులూ ఉండకూడదు. అయినా చలి గాలి మొదలైన సాయంకాలాల్లో ఆ డేరా తలపుకు వస్తుంది. అంతమంది ఆడవాళ్లు బొంతల మీద మోకాళ్లు ఆనించి, ఊపిరి బిగబట్టి, నా ఒక్క గొంతు కోసం ముందుకు వంగడం తలపుకు వస్తుంది. జీవితంలో అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు. అది తలుచుకుని మురిసిపోయే హక్కు నాకు లేదని తెలిసి కూడా, ఇప్పటికీ మురిసిపోతాను.