సీటు అలిగింది

సీటు మావయ్య మనుషుల్ని పలకరించగా చూసినవాళ్లు లేరు. ఆయన సీట్లను పలకరిస్తాడు. పలకరించి ఊరుకుంటే పోనీలే అనుకోవచ్చు. అవి చెప్పిన జవాబులు తెచ్చి మనకు వినిపిస్తాడు, అదీ బాధ.

ఆయన పని, రేసు కారులో డ్రైవరు ఒంటికి సరిపోయే సీటు తయారు చెయ్యడం. ఇరవై నాలుగు గంటల పందెంలో ఒకే కారును ముగ్గురు మార్చి మార్చి నడుపుతారు. ముగ్గురూ ఒకే కొలతలో పుట్టరు కనుక ఒక్కొక్కరికీ విడిగా ఒక అచ్చు కావాలి. కారు సీటులో ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో రెండు ద్రవాలు కలిపి పోసి, డ్రైవరును దాని మీద కూర్చోబెడతాడు. నురగ బుసబుసా పొంగి, వీపు వంకలన్నీ పట్టుకుని, వెచ్చగా గట్టిపడుతుంది. మనిషి లేచిపోయినా ఆ మనిషి ఆకారం పల్లంగా అందులో మిగిలిపోతుంది. "కదలకు, ఇప్పుడది నిన్ను నేర్చుకుంటోంది" అని మావయ్య చెవి దగ్గర గుసగుసగా అంటాడు. ఆ మాటకే సగం మంది డ్రైవర్లకు పారిపోవాలనిపిస్తుంది. పారిపోలేరు, అప్పటికే నురగ పట్టేసుంటుంది.

ఆయన్ను మొదట మావయ్యా అని పిలిచింది ఆ జట్టులో టైము రాసే మేనకోడలు. మిగతావాళ్లకు ఆయన ఏమీ కాడు, అయినా రెండేళ్లలో అందరికీ మావయ్య అయిపోయాడు. దాంతో ఆయన ఏ వింత చేసినా అందరూ ఆమె వైపే చూసేవాళ్లు, ఏదో ఆమే పెంచి పాడుచేసినట్టు.

గ్యారేజీ వెనకాల రేకుల గది ఆయనది. పాత అచ్చుల్లో ఒక్కటి కూడా పారేసేవాడు కాడు. నలభైకి పైగా గోడలకు తగిలించి ఉండేవి. తలలు లేవు, చేతులు లేవు, వీపులు, తొడలు మాత్రమే. అవైనా ఉన్నాయా అంటే లేవు, అవి ఉండాల్సిన చోట ఖాళీలున్నాయి. గదిలో అడుగుపెట్టగానే నలభై మంది కూర్చుని ఉన్న చోటికి ఆలస్యంగా వచ్చినట్టు ఉండేది. పైన రేకు టక్కుమన్నప్పుడల్లా వాళ్లలో ఎవరో సర్దుకుని కూర్చున్నారేమో అనిపించేది.

మేనకోడలు మొదటిసారి ఆ గదికి వెళ్లినప్పుడు మావయ్య ఒక అచ్చు ముందు నిలబడి, "పెద్దాయనా, మా మేనకోడలు" అని పరిచయం చేశాడు. తర్వాత చెవి దాని పల్లానికి ఆనించి కాసేపు విన్నాడు.

"ఏమంటున్నాడు?" ఆమె నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"చిక్కిపోయావంటున్నాడు."

"ఆ మూల ఉన్నది ఎవరిది?"

"ఆయనెవరో నాకూ తెలీదమ్మడూ. నేను వచ్చేసరికే ఉన్నాడు. మాట్లాడడు."

ఆమెకు నవ్వు ఆగిపోయింది.

అన్ని వింతల్లోకీ పెద్దది సీట్లు అలగడం. ఏటా ప్రాక్టీసు రోజుల్లోనో, అర్హత పరుగుల్లోనో, సరిగ్గా కారు బయలుదేరబోయే ముందు మావయ్య కారుకు అడ్డంగా వచ్చి నిలబడేవాడు. డ్రైవరు బెల్టులు బిగించుకుని ఉంటాడు, ఇంజను అరుస్తూ ఉంటుంది, మేనేజరు అంతకంటే గట్టిగా అరుస్తూ ఉంటాడు.

"సీటు అలిగింది. దించండి" అనేవాడు మావయ్య.

"దేనికి అలిగింది?"

"అది చెప్పలేదు సార్. పావుగంటలో చెప్తుందేమో."

"నీ పనితనం మండిపోనూ! నలభై ఏళ్లుగా ఒక్క సీటైనా సరిగ్గా కుదిరేలా చేశావా?"

"లేదు సార్" అని ఒప్పేసుకుని, డ్రైవరునూ అచ్చునూ వెంటబెట్టుకుని రేకుల గదికి పోయేవాడు. పావుగంటకు అలక తీరేది. పక్క జట్లవాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. అయితే ఆ నవ్వులో పూర్తి ధైర్యం ఉండేది కాదు. పూర్వం ఆయన మరో జట్టులో ఉన్నప్పుడు ఒకసారి ఆయన మాట కొట్టిపారేసి కారును పంపారట. ఆ డ్రైవరు మళ్లీ ఏ కారూ ఎక్కలేదు. అప్పట్నుంచీ ఎంత నవ్వేవాళ్లయినా ఆ రేకుల గది పక్కనుంచి వెళ్లాల్సి వస్తే రెండడుగులు దూరంగా నడుస్తారు.

ఈ ఏడు పందేనికి ముందు పొగమంచు పట్టుకుంది. పందెం దారి సగం అడవిలోంచి పోతుంది. మూడు రోజులుగా ఆ సగం ఉందో లేదో ఎవరికీ తెలీదు. కార్లు తెల్లటి గోడలోకి దూరి మాయమయ్యేవి, వాటి చప్పుడు మాత్రం చెట్ల మధ్య తిరుగుతూ ఉండేది. ఒక్కోసారి కారు వచ్చేసి గ్యారేజీలో ఆగిన తర్వాత కూడా దాని చప్పుడు ఇంకా అడవిలో తిరుగుతున్నట్టే వినిపించేది.

జట్టులో మూడో డ్రైవరు పళ్ల డాక్టరు. యాభై రెండేళ్ల మనిషి. ఈ పందెంలో ఒక్కసారి నడపాలని పాతికేళ్లుగా కలలు కన్నాడు. నిబంధన ఏమిటంటే, ముగ్గురిలో ప్రతి ఒక్కరూ పందేనికి ముందే పది చుట్లు పూర్తి చెయ్యాలి. ఒక్కరు చెయ్యకపోయినా కారు పందెంలో ఉండదు. డాక్టరు ఏడు చేశాడు. ఎనిమిదోది చేస్తుండగా నిన్న అడవి వంపులో కారు గిర్రున తిరిగి అడ్డంగా ఆగింది. తిరిగొచ్చి, "చెట్లు చూసొచ్చాను" అని జోకేశాడు. ఆ తర్వాత రాత్రి భోజనం దాకా ఇంకో మాట మాట్లాడలేదు. మిగిలింది ఆఖరి రోజు సాయంత్రం అయిదింటి వరకే, చెయ్యాల్సినవి మూడు చుట్లు.

ఆ రోజు పొద్దున మేనకోడలు టేపు కోసం రేకుల గదికి వెళ్లింది. మావయ్య లేడు. డాక్టరు అచ్చు బల్ల మీద ఉంది. దాన్ని పక్కకు జరపబోయి చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు వెచ్చగా. గదిలో ఎవరూ లేరు, గోడల మీద నలభై మంది తప్ప. టేపు గీపు అక్కడే వదిలేసి ఒక్క ఉదుటున బయటపడింది.

నాలుగూ ఇరవైకి కారు వచ్చింది. మిగతా ఇద్దరు డ్రైవర్లలో ఒకతను దిగాడు, తన అచ్చు తీసేశారు, డాక్టరుది పెట్టారు. డాక్టరు ఎక్కాడు. ఇంజను మొదలైంది. అప్పుడు సీటు మావయ్య నింపాదిగా నడుచుకుంటూ వచ్చి కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు" అన్నాడు మేనేజరు ముందే. "మావయ్యా, ఇవాళ వద్దు. నీకు దణ్ణం పెడతాను."

"సీటు అలిగింది సార్."

మేనేజరు తల పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటల్లో రాయడానికి పనికొచ్చేవి ఒకటో రెండో ఉంటాయి. చివరికి మేనకోడలి వైపు తిరిగి, "నువ్వు కూడా పో! మీ మావయ్య ఎన్ని నిమిషాలు తగలేస్తాడో రాసుకురా!" అన్నాడు.

గదిలోకి వెళ్లగానే మావయ్య తలుపు వేశాడు. డాక్టరును స్టూలు మీద కూర్చోబెట్టి, అచ్చు బల్ల మీద పడేసి, గూట్లోంచి రబ్బరు సంచి తీసి దాని కింద పెట్టాడు. వేడినీళ్ల సంచి. మేనకోడలు నోరు వెళ్లబెట్టింది.

"పొద్దున వెచ్చగా ఉంది ఇందుకా?"

"మంచులో ఉంచితే చల్లబడిపోతుంది కదమ్మా. చల్లటి దాని మీద కూర్చుంటే వణుకు భయం వల్లో, చలి వల్లో మనిషికి తెలీదు."

డాక్టరు తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి ఒళ్లో ఆగకుండా వణుకుతున్నాయి.

మావయ్య గోడ మీంచి పెద్దాయన్ను దించాడు. "మూడుసార్లు గెలిచాడు ఈయన. ఇక్కడ చెయ్యి పెట్టి చూడు" అన్నాడు. భుజాలు ఆనే చోట నురగ నలిగి రెండు గుంటలు పడ్డాయి. "భయమేసినప్పుడు మనిషి వెనక్కి నొక్కుతాడు. వీపులోంచి పారిపోవడానికి దారి వెతుక్కుంటాడు." ఇంకొకటి దించాడు. మరొకటి. అన్నిటికీ అవే రెండు గుంటలు. డాక్టరు ఒక్కొక్కదాన్నే తడిమి చూశాడు. పైన రేకు టక్కుమంది, ముగ్గురూ ఒకసారి పైకి చూశారు.

"వీళ్లందరి సీట్లూ అలిగాయా?" డాక్టరు అడిగాడు.

"పెద్దాయనది రెండుసార్లు."

"సీట్లు నిజంగా అలుగుతాయా మావయ్యా?"

మావయ్య మొహం ఎర్రబడింది. "నా చేతి మీద తయారైన సీటు ఇంతవరకూ ఒక్కటి చెడలేదయ్యా" అన్నాడు.

మేనకోడలికి అప్పుడు తట్టింది. నలభై ఏళ్లుగా ఊరంతా పనిరాని సీట్లవాడంటుంటే, లేదు సార్, అవును సార్ అంటూ తలూపాడీయన. కాగితాల మీద ఏ డ్రైవరూ భయపడలేదు. ప్రతిసారీ చెడింది సీటే. ఈయన వల్ల తనకెంత నామోషీ అనుకుంటూ గడిపిన రెండేళ్లూ గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. వెంటనే ఆయన మీద కోపమూ వచ్చింది.

"నిన్న కార్లు కనబడలేదు" డాక్టరు మెల్లగా మొదలుపెట్టాడు. "చప్పుడే. ఎడమ పక్క ఒకటి పోయింది, కుడి పక్క ఒకటి పోయింది. నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. రోజూ నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేనే చెప్తాను, భయపడకండి, నొప్పుండదని."

"నమ్ముతారా?"

"ఒక్కడూ నమ్మడు."

"మరి నోరు తెరుస్తారా?"

"తెరుస్తారు."

మావయ్య వేడినీళ్ల సంచిని అచ్చు కింద ఇంకో చోటికి జరిపాడు. "వెళ్లకపోయినా పర్లేదు. సీటు విరిగిందని చెప్తాను. తిట్లు నాకు అలవాటే" అన్నాడు.

డాక్టరు గోడల వైపు ఒకసారి చూసి, హెల్మెట్ తీసుకుని లేచాడు.

నాలుగూ నలభై మూడుకు కారు బయలుదేరి తెల్లటి గోడలో కలిసిపోయింది. మొదటి చుట్టు అయిదున్నర నిమిషాలు. రెండోదీ అంతే. మూడో చుట్టుకు కారు తమ ముందునుంచి దూసుకుపోయినప్పుడు గడియారంలో ఇంకా ఆరు నిమిషాలు కూడా లేవు. మేనకోడలు చప్పుడును బట్టి కారును వెంబడించింది. వంతెన దాటింది. ఎత్తు ఎక్కింది. అడవి వంపు దగ్గర చప్పుడు ఆగిపోయింది.

మేనేజరు అరవడం లేదు, అదే ఎక్కువ భయంగా ఉంది. గడియారం నాలుగూ యాభై ఎనిమిది దాటింది. మావయ్య గ్యారేజీ గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"వస్తున్నాడు" అన్నాడు.

ఆమెకు ఏమీ వినిపించలేదు. అయిదు దాకా లెక్కపెట్టింది. అప్పుడు చెట్ల వెనకనుంచి ఇంజను రొద మొదలై, పెరిగి, మంచులోంచి రెండు దీపాలు బయటికొచ్చాయి. నాలుగూ యాభై తొమ్మిదీ ముప్పై నాలుగు సెకన్లు. ఆమె ఆ అంకె రెండుసార్లు రాసింది.

డాక్టరు కారు దిగీదిగగానే మేనేజరు దగ్గరికి వచ్చి, "సార్, ఇందాక ఆ ఆలస్యం సీటు వల్ల కాదు, నేనే..." అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యవయ్యా!" మేనేజరు గ్యారేజీ దద్దరిల్లేలా అరిచాడు. "ఊళ్లోవాళ్లందరి నోళ్లూ తెరిపిస్తావు, నీది మూసుకోవడం రాదా?" తర్వాత మేనకోడలి వైపు తిరిగి, "ఇరవై నిమిషాల ఆలస్యానికి కారణం రాశావా?"

"ఏం రాయమంటారు సార్?"

"సీటు బాగాలేదని రాయి. చేసినవాడికి పనిరాదని రాయి. పెద్ద అక్షరాలతో రాయి. ఇరవై రెండేళ్ల కిందట ఇదే పందెంలో నేను నడిపినప్పుడు నాకూ అదే రాశారు."

ఆమె కలం ఆగింది. మేనేజరు చుట్టూ ఒకసారి చూసుకున్నాడు. జన్మలో మొదటిసారి ఆయన గొంతు తగ్గింది.

"మావయ్యా, నాది ఇంకా ఉందా?"

"ఉందిరా" అన్నాడు సీటు మావయ్య. పైనుంచి కిందిదాకా మేనేజరును ఒకసారి కొలిచి చూశాడు. "నువ్వే ఇప్పుడు అందులో పట్టవు."