అల్లుణ్ణి దత్తత తీసుకోమన్న కాయితం

"ఒక్క సంతకం చేయమను మీ అమ్మను. పొలం రాసియ్యమంటలేను కదా" అన్నాడు అల్లుడు, నా కూతురి వైపు చూస్తూ.

"సంతకం ఉత్తగనే రాదని చెప్పు మీ ఆయనకు" అన్నాను నేను వంటింటి తలుపు చాటు నుంచి. "పాత పేరుకు ఏం రోగమొచ్చిందని కొత్త పేరు?"

"పాత పేరుకు డిపోర్టు ముద్ర పడ్డది. ఎన్నిసార్లు చెప్పాలె?"

"ముద్ర పడ్డది మనిషికి. పేరు మారిస్తే మనిషి మారుతడా అని అడుగు."

నా కూతురు మధ్యలో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. "మీ ఇద్దరి నడుమ నన్ను పోస్టు డబ్బా చేసిండ్రు. ఏదున్నా మీరు మీరు మాట్లాడుకోండ్రి" అని విసుక్కుంది.

మాట్లాడుకోవడానికి లేదు. అత్త అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడడం మా ఇళ్లలో ఆనవాయితీ కాదు. మా ఆయన పోయాక ఇల్లరికం తెచ్చుకున్న అల్లుడైనా అంతే. నాలుగేళ్లు ఒకే చూరు కింద ఉన్నాం, ఒకే కుండలో కూడు తిన్నాం, మాటలు మాత్రం నా కూతురి మీదుగానే నడిచేవి.

ఎనభైల నాటి సంగతి ఇది. దుమ్ముగూడెం దారిలో మా ఊరు. అప్పట్లో మా వైపు నుంచి గల్ఫుకు పోయేవాళ్లు తక్కువ. అల్లుడు లారీ డ్రైవరుగా పోయాడు. అక్కడి యజమాని పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకున్నాడు, జీతం మాత్రం ఇవ్వలేదు. అడిగి అడిగి విసిగి, చెప్పకుండా వేరే చోట పనిలో చేరాడు. ఆ దేశంలో అది పారిపోయినట్టు లెక్కట. పోలీసులు పట్టుకుని, కొన్నాళ్లు ఉంచి, పాస్‌పోర్టు బదులు ఒక తెల్ల కాయితం చేతికిచ్చి విమానం ఎక్కించారు. పోయినప్పుడు కొన్న పెట్టె కూడా వెనక్కి రాలేదు.

వచ్చిన నాటి నుంచి అతనికి ఇంట్లో కాలు నిలవలేదు. "అత్తగారి కూడు తింటున్నడని అంటున్నరు" అని కూతురితో అంటుంటే విన్నాను. అతని బాధ అది. నా బాధ వేరు. దొంగ పేరుతో పోయి మళ్లీ దొరికితే ఈసారి జైలే. నా బిడ్డ ఎన్నేళ్లు దారి చూడాలి?

ఇంతలో భద్రాచలం నుంచి ఏజెంటు ఒకడు తగిలాడు. నిజం చెబితే ఏ దేశమూ రానివ్వదని భయపెట్టాడు. ఇల్లరికం అల్లుడే కాబట్టి అత్తవారి ఇంటిపేరు పెట్టుకుని కొత్త మనిషిగా పాస్‌పోర్టు తీయొచ్చని ఉపాయం చెప్పాడు. దానికి నా సంతకం కావాలట. స్టాంపు కాయితం ఇచ్చిపోయాడు, రేపు పొద్దున వస్తానన్నాడు.

"ఆ కాయితం చదువు" అన్నాను కూతురితో. నేను మూడో తరగతితో ఆపేశాను. పద్దు రాసుకోగలను గాని కోర్టు భాష నాకు కొరుకుడు పడదు. అది పదోదాకా చదివింది.

"సదరు వ్యక్తిని మేము చిన్నతనముననే దత్తత స్వీకరించి, కన్నకొడుకువలె పెంచి పెద్దచేసితిమని..." అని చదివి, నా కూతురు ఆగిపోయింది.

నాకు ఆనవాయితీ గుర్తు రాలేదు. తలుపు దాటి వసారాలోకి వచ్చేశాను. అల్లుడు గబుక్కున లేచి నిలబడ్డాడు.

"నువ్వు నాకు కొడుకువైతే, నా బిడ్డకు ఏమైతవు?" అన్నాను, సూటిగా అతని ముఖం చూసి.

అతను నా కూతురి చేతిలోని కాయితం అందుకుని ఆ వరుస తానే చదివాడు. అప్పటిదాకా అతను ఏజెంటు నోటి మాట విన్నాడే తప్ప కాయితం చదువుకోలేదు.

"రాఖీ కట్టాలె ఇగ నీకు" అంది నా కూతురు. నవ్వు ఆపుకోలేక మిరపకాయ చేత్తోనే కళ్లు తుడుచుకుని, మంటకు కేకపెట్టి బావి దగ్గరికి పరుగెత్తింది. అల్లుడు నీళ్లు తోడి పోశాడు. తోడుతూనే అన్నాడు, "నవ్వులాట కాదు అత్తమ్మా. నిజం రాస్తే ఇగ బతుకంత ఇక్కడనేనంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఏజెంటు."

"దొంగ కాయితం అమ్మెటోడు మంచి కాయితం చాలని చెప్తడా? పొద్దుగాల వకీలును అడుగుదాం. మా కూడు నీకు చేదైతే ఇంకో దేశం పో, నేనొద్దన. మీ నాయన పెట్టిన పేరుతోనే పో."

అతను చేదను బావి గట్టు మీద పెట్టి, "అవ్, పోదాం" అన్నాడు.

పొద్దున్నే ఏజెంటు మోటారు సైకిలు మీద వచ్చాడు. "సంతకమయ్యిందా అమ్మా?" అన్నాడు.

జవాబు అల్లుడే చెప్పాడు. "మీ కాయితం ప్రకారం నాకు పెండ్లాం లేదు, చెల్లెలున్నది. తీస్కపోండ్రి."

ఏజెంటు కాయితాన్ని మరోసారి చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేం మొదటి బస్సుకు భద్రాచలం పోయాం.

అక్కడి వకీలు మా పొలం తగాదా చూసినాయన. ఒకటే అడిగాడు. "దొంగతనం, కొట్లాట కేసులేమన్న ఉన్నయా?"

"లేవు సార్. జీతమియ్యకపోతే వేరే కాడ పని చేసిన, గంతే."

"అయితే విను. పంపించిన దేశం కొన్నేండ్లు రానియ్యదు. ఎన్నేండ్లో వాళ్ల ఆర్డరును బట్టి ఉంటది, గడువు తీరకముందు అడిగితే కాదంటరు. వేరే దేశాలు వీసా అడిగినప్పుడు, ఎక్కడినుంచన్న పంపించిండ్రా అని అడుగుతయి. అవునని రాయాలె, ఎందుకో కూడ రాయాలె. ఇస్తే ఇస్తరు, లేకుంటే లేదు. లేదని రాసి దొరికితే మాత్రం, పాత తప్పు కంటె ఆ అబద్ధమే పెద్దదైతది. పేరు మార్చి పాస్‌పోర్టు తీస్తే ఇక్కడనే కేసు."

"ఇగ ఏ దేశం పోరాదంట గదా అయ్యా?" అన్నాను నేను.

"ఎవరన్నరమ్మా? ఒక ఇంట్లకు రావద్దన్నరు. ఊరు ఊరంత వెలి వెయ్యలే."

అల్లుడు బల్ల మీద కూర్చుండిపోయాడు. తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటూ, దాన్ని ముఖం మీదే ఉంచేసుకున్నాడు. వచ్చిన నాటి నుంచి అతని భుజాలు అంత కిందికి దిగడం నేను చూడలేదు. నాకూ అప్పుడే గుర్తొచ్చింది, పొద్దుట్నుంచి మంచినీళ్లు తాగలేదని. తర్వాత పాస్‌పోర్టు కోసం పోలీసు విచారణ అయింది, వకీలు చెప్పినట్టే ఒక దేశం కాదంది, ఆలస్యమైనా ఇంకొక దేశం రమ్మంది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ పొద్దున మాత్రం అతను వకీలు ఇచ్చిన పాస్‌పోర్టు దరఖాస్తును ఆయన వరండాలోనే నింపాడు. అందులోనూ ఏ దేశం నుంచైనా వెనక్కి పంపబడ్డారా అన్న చోట అవునని రాశాడు. కింద తన పేరే రాసి సంతకం చేశాడు. ఇంటినుంచి మూటగట్టి తెచ్చిన పులిహోర ముగ్గురం బస్టాండులో తిన్నాం. నేను కొంచెం పక్కకు తిరిగి కూర్చుని, "ఇంకింత పెట్టాల్నా అడుగు మీ ఆయనను" అన్నాను నా కూతురితో.