తెల్లకోటు బ్యాండ్ లీడర్, మా ఆయన

మా ఆయనకి కోపం రావడం అరుదు. ఆఫీసులో తను చేసిన పనికి ఇంకొకరు పేరు కొట్టేసినా, నేను నాలుగు మాటలు ఎక్కువ అన్నా, మంచులో కారు దిగబడిపోయినా ఆయన మొహంలో పెద్ద తేడా కనిపించేది కాదు. ఎవరైనా ఆ పాత బ్యాండ్ లీడర్ వీడియో చూసి "భలే కామెడీగా ఉన్నాడే" అంటే మాత్రం కుర్చీలోంచి లేచేవారు. "కామెడీ కాదండీ. ఏదీ, మీరొకసారి అలా నిలబడండి చూద్దాం" అనేవారు. అలా నిలబడడం ఎవరి వల్లా అయ్యేది కాదు.

ఆ బ్యాండ్ లీడర్ జాజ్ కాలపు మనిషి, మా తాతగారి ఈడువాడు. నల్లజాతి గాయకుడు. తెల్లటి కోటు, దాని తోకలు మోకాళ్ల కింది దాకా వేలాడుతుంటాయి. చేతిలో పొడుగాటి బెత్తం, మొహం మీదికి ఎగిరిపడే జుట్టు, చెవుల దాకా నవ్వు. వెనక బ్యాండు వాళ్లంతా నల్లసూట్లలో బూరలూ డ్రమ్ములూ పట్టుకుని కూర్చుంటే, ఈయన ముందు నిలబడి అర్థం లేని అక్షరాలతో ఒక ముక్క పాడి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటాడు. జనం ఆ ముక్క తిరిగి పాడాలి. ఆ తర్వాత ఇంకాస్త పెద్ద ముక్క. చివరికి ఎవరికీ నోరు తిరగనిది ఒకటి విసురుతాడు. జనం తడబడతారు, తమ తడబాటుకి తామే నవ్వుకుంటారు, అప్పుడు బ్యాండు అందుకుంటుంది.

ఉద్యోగం కోసం దేశం దాటి ఈ నోవై ఊరికి వచ్చిన మొదటి చలికాలం మా ఆయన లైబ్రరీ నుంచి తెచ్చిన డీవీడీలో ఆయన్ని చూశారు. మా ఆయన కార్ల బ్రేకుల ఇంజినీరు. మీటింగులో ఈయన ఏదైనా చెబితే గదిలో ఎవరూ పలికేవారు కాదు. కాసేపటికి అదే మాట ఇంకొకడు అంటే "గ్రేట్ పాయింట్" అనేవారట. ఇంటికొచ్చి ఈ సంగతి నవ్వుతూనే చెప్పేవారు. నాకు ఒళ్లు మండేది. డీవీడీ చూస్తున్న ఆ రోజు మాత్రం నవ్వలేదు. "ఈయన పాడిన హోటళ్లలో ఈయన జాతి మనుషుల్ని కూర్చోనిచ్చేవాళ్లు కాదు, తెలుసా? అలాంటి చోట నిలబడి అందరిచేతా జవాబు చెప్పించాడు. చూడు, జవాబొచ్చేదాకా కదలడు" అన్నారు. నేను పప్పు తాలింపులో ఉన్నాను. ఊఁ కొట్టాను.

తర్వాతి ఉగాది నాటికి తెల్లకోటు కుట్టించుకున్నారు. తెలుగువాళ్ల ఉగాది ఫంక్షన్‌లో పిల్లల కూచిపూడికీ సినిమా డ్యాన్సుకీ మధ్య ఈయన ఐటమ్. నేను ముందు వరసలో తలవంచుకుని కూర్చున్నాను. ఈయన అచ్చం ఆ లీడర్‌లాగే స్టేజీ మీదికి జారుతూ వచ్చి మొదటి ముక్క పాడారు. హాలంతా నిశ్శబ్దం. జనం ప్లేట్లలో పులిహోర తింటూ చూస్తున్నారు. ఈయన మళ్లీ పాడారు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. చెమటకి కోటు కాలరు తడిసిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. అప్పుడు వెనక వరసలోంచి, కొడుకు దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దాయన, ఎప్పుడో ఊళ్లో విన్న బుర్రకథ గుర్తొచ్చిందేమో, గొంతెత్తి "తందానా తాన!" అన్నాడు. హాలు ఘొల్లుమంది. తర్వాతి ముక్కకి నలుగురు, ఆ తర్వాత హాలు హాలంతా.

ఆ రోజు నుంచీ మా ఊళ్లో ఆ జాజ్ పాటకి జవాబు బుర్రకథ వంతపాటే. ఈయన ఏ ముక్క పాడినా జనం తందానా తానకి దాన్ని సర్దేవారు. వారం తిరక్కుండా ఒకావిడ ఫోన్ చేసి, "బ్యాండ్ మాస్టర్‌గారున్నారా? మా అబ్బాయి బరాత్‌కి వస్తారా అండీ?" అని అడిగింది. ఈయన్ని పెళ్లిబ్యాండు మాస్టరనుకుంది! నొచ్చుకుంటారేమో అనుకున్నాను. ఎగిరి గంతేశారు. అప్పటి నుంచీ నోవైలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఏ పెళ్లి జరిగినా హోటల్ పార్కింగ్‌లో అద్దె గుర్రం ముందు మా ఆయన వెనక్కి జారుతూ నడిచేవారు. పిల్లలు "బ్యాండ్ అంకుల్" అని వెంటపడేవారు. నేను పట్టుచీర మీద ఉన్నికోటు వేసుకుని, చలిని తిట్టుకుంటూ వెనక నడిచేదాన్ని. ఆ మొహంలో వెలుగు చూడ్డం నాకిష్టమని మాత్రం ఎవరితోనూ అనలేదు.

గొంతు బొంగురుపోతే ఎలర్జీ అనుకున్నాం. శొంఠి కషాయం కాచి ఇచ్చాను. చివరికి డాక్టరు కాన్సర్ అన్నాడు, స్వరపేటిక తీసెయ్యాలన్నాడు. అన్నీ విని మా ఆయన అడిగింది ఒక్కటే. "విల్ ఐ సింగ్?" డాక్టరు చాలా మర్యాదస్తుడు. ముందు మీరు కోలుకోవడం ముఖ్యం అన్నాడు. ఇద్దరికీ అర్థమైంది. పార్కింగ్‌లో కారెక్కాక ఆయన స్టార్ట్ చెయ్యకుండా చాలాసేపు స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు.

ఆపరేషన్ తర్వాత మెడ మీద రంధ్రం మిగిలింది. ఊపిరంతా అక్కడి నుంచే. మెడకి ఆనించుకుని మాట్లాడే మెషీన్ ఒకటిచ్చారు. అందులోంచి వచ్చే గొంతు ఎవరిదో, మనిషిది కాదు. మందుల షాపువాడితో తప్ప దాన్ని వాడేవారు కాదు. నాతో ఉత్త పెదవులు కదిపేవారు. కాఫీ, ఉప్పు, తాళాలు, పడుకో, వచ్చావా. ఇంటి మాటలన్నీ పెదవుల మీద చదవడం నేర్చుకున్నాను. నిజానికి చదివేది సగమే, మిగతా సగం ఆయన ఏమంటారో ముందే తెలియడం.

అదే ఏడు మా అమ్మాయి పెళ్లి కుదిరింది. వియ్యాలవారిది అల్ఫారెట్టా, వేరే రాష్ట్రం. ఎదురుకోలు రోజున పెళ్లికొడుకు ఊరేగింపు హోటల్ గుమ్మానికి వచ్చేసరికి నాన్న తెల్లకోటులో ఎదురు నిలబడాలని అమ్మాయి పట్టుబట్టింది. నేను ససేమిరా అన్నాను.

"అమ్మా, నాన్న చేస్తా అంటున్నాడు కదా. నువ్వు ఎందుకు స్టాప్ చేస్తున్నావ్?"

"గొంతు లేకుండా ఏం చేస్తారే? వియ్యాలవారి ముందు మూగసైగలా? ఎవరూ పలక్కపోతే ఆ మనిషి ఏమైపోతాడో ఆలోచించావా?"

"దే విల్ ఆన్సర్, అమ్మా. అందరికీ తెలుసు."

"అల్ఫారెట్టా వాళ్లకి ఏం తెలుసే?"

ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. తలెత్తి నా వైపు చూసి పెదవులు కదిపారు. జవాబొస్తుంది. స్పష్టంగా చదివాను. బో టై కడితే మెడ రంధ్రం మూసుకుపోతుందని, దాని బదులు పల్చటి తెల్లపట్టు ముక్క ఒకటి వదులుగా వేలాడేలా కుట్టాను.

ఊరేగింపు వచ్చింది. డీజే పాట ఆపాడు. ఆయన గుమ్మం మెట్టు మీద వాళ్లకి ఎదురుగా నిలబడ్డారు. నేను హారతి పళ్లెంతో వెనక ఉన్నాను, నాకు ఆయన వీపే కనిపిస్తోంది. భుజాలు లేచాయి, బెత్తం గాల్లో తిరిగింది, తల ఎగిరింది. ఒక్క శబ్దం లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"తందానా తాన!"

మా నోవై వాళ్లంతా ఒక్కసారిగా అందుకున్నారు. రెండోసారికి అల్ఫారెట్టా వాళ్లూ కలిశారు. వియ్యపురాలు కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నేను కూడా, నా జన్మలో మొదటిసారి, గొంతు చించుకుని తందానా తాన అన్నాను. జవాబొచ్చింది, ఆయన గెలిచారు అనుకున్నాను.

అప్పుడాయన మూడోది పాడారు. అది పెద్దది. బెత్తం పైకీ కిందికీ పోయింది, మెడ పక్కకి వాలింది, మెల్లగా, ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు. జనం తందానా తాన అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపారు. కాదు. మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి ఇంకా నెమ్మదిగా, పిల్లలకి నేర్పినట్టు. జనం ఇంకా గట్టిగా తందానా తాన అన్నారు. మళ్లీ తల ఊపారు. కాదు, అది కాదు. అందరూ చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, ఇదంతా ఆటలో భాగమనుకున్నారు. ఆ పాత వీడియోలో జనం తప్పు పాడితే తప్పామని వాళ్లకి తెలుస్తుంది, అందుకే నవ్వుతారు. ఇక్కడ తప్పినట్టు ఎవరికీ తెలియలేదు. ఆయన ఒక్క క్షణం అలాగే నిలబడి, రెండు చేతులూ చాచి వంగారు. డీజే పాట పెట్టేశాడు.

మర్నాడు పొద్దున అడిగాను. "ఆ మూడోది ఏమిటండీ? ఏం పాడారు?" ఆయన కళ్లు మెరిశాయి. నా ఎదురుగా కూర్చుని పెదవులు కదిపారు. నాకేమీ అందలేదు. అర్థం లేని అక్షరాలు ముందే ఊహించుకోవడం ఎలా? ఇంకోసారి అన్నాను. ఇంకోసారి కదిపారు. టైప్ చెయ్యండి అని ఫోన్ ఇచ్చాను. నవ్వి ఫోన్ పక్కకి నెట్టేశారు. పాట టైప్ చేస్తారా ఎవరైనా? ఈ మాట మాత్రం చదవగలిగాను. ఇంతలో అప్పగింతలకి టైమైందని ఎవరో పిలిచారు. తర్వాత, అన్నారు పెదవులతో.

మంచు మొదలయ్యేసరికి ఊపిరితిత్తులకి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఆస్పత్రి నుంచి ఆయన మళ్లీ ఇంటికి రాలేదు.

ఇప్పుడు ఆ బ్యాండ్ లీడర్ అంటే నాకు అసూయ. సిగ్గులేకుండా చెబుతున్నాను, అసూయే. ఆ లీడర్ పోయి ఎన్నేళ్లయిందో, ఇంకా పిల్లలు ఫోన్లలో ఆయన్ని చూస్తూనే ఉన్నారు, ఆ జారే నడక నడిచి చూపిస్తున్నారు. ఆయన విసిరిన ప్రతి ముక్కా భద్రంగా ఉంది. జవాబివ్వాలనుకున్నవాడు ఈ రోజు కూడా ఇవ్వొచ్చు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆ పాత వీడియో పెడతాను. శబ్దం తీసేసి ఆయన పెదవులు చూస్తాను, ఏ అక్షరానికి నోరు ఎలా తిరుగుతుందో. అలా చాలా రోజులు కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు చాలావరకు చదవగలను.

చదవగలనని ధైర్యం వచ్చాక అమ్మాయి పెళ్లి వీడియో పెట్టాను. ఎదురుకోలు దగ్గరికి వచ్చాను. ఊరేగింపు వస్తుంది, పాట ఆగుతుంది, ఆయన మెట్టు మీద నిలబడతారు. వెంటనే జనం, తందానా తాన. వెంటనే మళ్లీ జనం. మళ్లీ జనం. వీడియో తీసినబ్బాయికి ఫోన్ చేశాను. "ఓ, అదా ఆంటీ. అంకుల్ పార్ట్‌లో ఆడియో ఏం లేదు కదా, జస్ట్ సైలెన్స్ ఉందని ట్రిమ్ చేసేశాను. ఒరిజినల్ ఫుటేజ్ అయితే డిలీట్ అయిపోయింది, సారీ ఆంటీ" అన్నాడు. మంచి పిల్లాడే. అతని తప్పేముంది? పెళ్లికొచ్చిన వాళ్లందరినీ అడిగాను. వాళ్ల ఫోన్లలో ఆయన వెనక గుమ్మం అద్దాల మీద ఎండ, ఆ వెలుగులో మొహం ఉత్త నల్లటి నీడ.

అమ్మాయి చూసినప్పుడల్లా, అమ్మా ఎంత బాగా వచ్చిందో అంటుంది. నిజంగానే బాగా వచ్చింది. నోవై వాళ్లున్నారు, అల్ఫారెట్టా వాళ్లున్నారు, వియ్యపురాలుంది, హారతి పళ్లెం పట్టుకుని నోరంతా తెరిచి అరుస్తూ నేనున్నాను. అందరం జవాబిస్తూనే ఉంటాం. ఆయన అడిగింది మాత్రం అందులో లేదు.