జీతం చీటీ లేని బాబాయ్

వీధిలో అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు. ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లూ అలాగే అంటారు. మెడ మీద కత్తి పెట్టినవాడితో వరస కలుపుకోవడమే మేలని కాబోలు. ముందు సెలూను, వెనక రెండు గదులు, రెండూ అద్దెవే. యజమాని వాటిని అమ్మేస్తానని, కొనే అవకాశం ముందు బాబాయ్‌కే ఇస్తానని అనడంతో ఆయన ఇంటి అప్పు కోసం బయల్దేరాడు.

వెళ్లిన ప్రతి బ్యాంకూ జీతం చీటీ అడిగింది.

"నాకు జీతమిచ్చేది నా కత్తెరేనండీ," అన్నాడు బాబాయ్. కత్తెర సంతకం చెల్లదన్నారు. చివరికి ఒక చిన్న అప్పుల సంస్థ మాత్రం, చీటీ లేకపోయినా ఫర్వాలేదు, మా మనిషి వచ్చి మీ పని చూస్తారు అంది.

ఆ రోజు తెల్లవారుతూనే బాబాయ్ నేల కడిగి, కుర్చీలకు ఉతికిన గుడ్డలు కప్పాడు. వచ్చినవాళ్లనల్లా, "పెద్దమనిషి వస్తున్నారు, రేపు రండి నాయనా," అని పంపేశాడు. సగం గడ్డం గీయించుకున్న ఒకాయన్నయితే మిగతా సగం ఇంట్లో కానిచ్చుకోమన్నాడు.

వచ్చింది ముప్ఫై ఏళ్ల అమ్మాయి. బల్ల మీద కూర్చుని ఖాళీ కుర్చీల వంక చూసింది.

"ఇవాళ సెలవా అండీ?"

"లేదమ్మా, మీరొస్తున్నారని ఖాళీ చేయించాను."

ఆమె నవ్వు ఆపుకుంది. "జీతగాళ్లకైతే చీటీ చూస్తాం. మీకైతే పనే చీటీ. ఎందరొస్తారు, ఎంత ఖర్చు, ఎంత మిగులుతుంది, అన్నీ మేమే అంచనా కట్టుకోవాలి. అంచనా కదా, అందుకే వడ్డీ కాస్త ఎక్కువ, ఇంటి ఖరీదులో కొంతే ఇస్తాం. కట్టకపోతే ఇల్లు పోతుంది. ఖాళీ కుర్చీని చూసి ఏం రాసుకోమంటారు?"

వెనక గుమ్మంలోంచి బాబాయ్ భార్య, వీధికంతా పిన్ని, అందుకుంది. "నేలతో పాటు మనుషుల్నీ ఊడ్చేశాడమ్మా, ఏం చెప్పను." అంటూనే టీ కొట్టు దగ్గర గొణుక్కుంటున్న వాళ్లందరినీ తోలుకొచ్చింది. సగం గడ్డం ఆయన అందరికంటే ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాకా అమ్మాయి వచ్చేవాళ్లని లెక్కపెడుతూ కూర్చుంది. తర్వాత బ్లేడ్లమ్మే కొట్టుకీ, యజమాని ఇంటికీ వెళ్లొచ్చింది. వచ్చేటప్పటికి మొహం మారింది.

"బాబాయ్ గారూ, మనిషికో కొత్త బ్లేడు వాడతానని ఇందాక అన్నారు. మీరు కొనే బ్లేడ్లకి, ఇక్కడ నేను చూసిన గడ్డాలకి పొంతన లేదు. సగానికి సగం తేడా. ఇవాళ నా కోసం పోగేసిన జనమా ఇది?"

పిన్ని గుమ్మం వెనక్కి తప్పుకుంది. తోలుకొచ్చింది తనే మరి. బాబాయ్ మాత్రం పొద్దుట్నుంచీ అటు తిరిగి చేస్తున్న పనే ఈసారి ఆమె వైపు తిరిగి చేశాడు. కొత్త బ్లేడు తీసి, కాగితంలోనే మడిచి టక్కున రెండు చేశాడు. ఒక సగం కత్తిలో బిగించాడు. రెండో సగాన్ని పక్కన మరో గడ్డం కోసం పెట్టాడు.

అమ్మాయి ఆ సగం ముక్క మీదికి వంగి చూసింది. "ఒక బ్లేడు, రెండు గడ్డాలు," అంది మెల్లగా. మళ్లీ లెక్క వేసి, ఏడాది మొత్తానికి సంపాదన ఎంతవుతుందో చదివింది. "అద్దె ఏ నెలా ఆలస్యం కాలేదని మీ యజమాని చెప్పారు. మీరడిగినదాంట్లో ముప్పావు ఇవ్వమని రాస్తాను. నా రాతని మావాళ్లు కాదనరు."

మిగతా పావు ఎక్కణ్ణించి తేవాలని పిన్ని అడగలేదు, దాచి ఉంచిందేమో. బాబాయ్ వెనక్కి తిరిగి చూశాడు, ఆమె చదివిన ఏడాది అంకె ఎవరిదోనన్నట్టు. రోజూ చిల్లరగా వచ్చి చిల్లరగా వెళ్లిపోయిన డబ్బు అంత పెద్దదై నిలబడగలదని ఆయనెప్పుడూ అనుకోలేదు.

"అంత సంపాదించాడా ఈయన?" అంది పిన్ని. "మరి నాకెక్కడా కనపడలేదే."

"తిన్నారు, పిల్లల్ని చదివించారు, అద్దె కట్టారు. కనపడేదెలా అండీ?"

పిన్ని వచ్చి గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె అందులో కూర్చోలేదు.

"ఆ అంకె ఇంకోసారి చెప్పమ్మా," అన్నాడు బాబాయ్, చేతిలో కత్తి పక్కన పెట్టేసి. "కాస్త నిదానంగా."