దేవరకొండకు రైలొచ్చిన రోజు

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలు మాట పడిపోయింది. వాకిట్లో పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి మరీ కడిగేసే మనిషి, మంచం మీద నోరు మెదపలేక నా మొహమే చూస్తుంటే నాకు అన్నం సయించేది కాదు. ఒకనాడు పొయ్యి ముందే కూర్చుని, "జోగులాంబ తల్లీ, ఆమెకు మాటియ్యి. దేవరకొండ నుంచి ఆలంపూర్ల నీ గడప దాంక నడిచొస్త" అని మొక్కుకున్నాను. తల్లి విన్నది. ఆ తర్వాత అత్తమ్మ నోట వచ్చిన మొదటి మాట, "పప్పుల ఉప్పెక్కువైంది." నేను ఏడుస్తూ ఇంకో గరిటె పప్పు వేశాను. అప్పటి నుంచి ఆమె తిట్టడం ఆపలేదు, నేను దండం పెట్టడం ఆపలేదు.

మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరితే మా వదిన తోడొచ్చింది. వదిన అంటే అత్తమ్మ కూతురే; నోరు కూడా తల్లిదే. వాడకట్టు ఆడవాళ్లు మరికొందరు కలిశారు. కల్వకుర్తి, జడ్చర్ల దాటి పాలమూరు, అదే మహబూబ్‌నగర్, చేరేసరికి అందరి పాదాలూ బొబ్బలు. అక్కడి నుంచి మన్యంకొండ స్వామిని చూసుకుని, గద్వాల మీదుగా ఆలంపూర్ పోవాలి. ఒక్కరోజు ఆగుదామనుకున్నాం. సత్రంలో కాళ్లకు నూనె రాసుకుని మూట విప్పానో లేదో, నా పైప్రాణం పైనే పోయింది. ముడుపు లేదు. అమ్మవారికి ఇవ్వాల్సిన కొబ్బరికాయను ఎర్రగుడ్డలో కట్టి తెచ్చాను. కింద పెట్టకూడదని జడ్చర్లలో మేం పడుకున్న గుడి మండపంలో మేకుకు తగిలించి, భద్రంగా అక్కడే వదిలేసి వచ్చాను.

"రైలుకు పోయి తెచ్చుకుందాం పా," అంది వదిన.

"నడిచొస్తనని మొక్కిన గద వదినా, రైలెక్కొచ్చునా?"

"ఎనకకు పోతే మొక్కు చెడదే. అది మనం నడిచిన దారే గద. ఒకపారి నడిచినంక ఆ దారి మనది."

శాస్త్రం బాగానే అనిపించింది. మిగతావాళ్లను సత్రంలోనే ఉండమని మేమిద్దరమే పోయాం. జడ్చర్లలో దిగి చూస్తే ముడుపు మేకుకే ఉంది. ఎవరో పుణ్యాత్ములు దానికి బొట్టు కూడా పెట్టారు. వాళ్లెవరో గానీ వాళ్ల కడుపు చల్లగుండాలని మొక్కి, తిరుగు రైలెక్కాం. కిటికీ పక్కన సీటు దొరికింది. అన్ని రోజులు ఒక్కొక్క అడుగే వెనక్కి నెట్టిన నేల, ఇప్పుడు తనంతట తానే వెనక్కి పోతోంది. అంత సుఖం నాకు కొత్త. ముడుపును ఒళ్లో పెట్టుకున్నంత వరకే గుర్తుంది.

రైలు ఆగిన కుదుపుకు కళ్లు తెరిచాను. ఎదురుగా పసుపు పచ్చ బోర్డు. నేను బడికి పోలేదు. మా బాపు ఇంట్లోనే చదువు చెప్పాడు. "రెండక్షరాలు చదివి మిగిలింది నువ్వే పుట్టిస్తవు బిడ్డా," అని నవ్వేవాడు. ఆ రోజూ అదే చేశాను. 'దేవరక' వరకు చదివాను.

"వదినా, లెవ్వు! దేవరకొండొచ్చింది! ఇంటికొచ్చినం!"

ముడుపు చేత పట్టుకుని నేను దిగితే, వదిన నిద్రలోనే నా కొంగు పట్టుకుని దిగింది. రైలు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద పల్లీలు అమ్ముతున్న ముసలమ్మను దేవరకొండ బస్టాండ్ ఎటు అని అడిగాను. ఆమె మమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"దేవరకొండ ఏడిదమ్మా? ఇది దేవరకద్ర."

వదినకు అప్పుడు మెలకువ వచ్చింది. "మన దేవరకొండకు రైలెప్పుడొచ్చిందే? నువ్వు మొక్కితే పట్టాలు గిట్ల ఏసిండ్రా?"

నాకు నవ్వు రాలేదు. మహబూబ్‌నగర్ దాటి వచ్చేశాం. ఇది నేను నడవని దారి. మన్యంకొండ స్వామి పక్కనుంచి పోతూ దండం కూడా పెట్టలేదు. నేను తల్లికి మాటిచ్చాను, తల్లి అత్తమ్మకు మాటిచ్చింది. నా మాట నేను తప్పితే, ఆమె ఇచ్చిన మాట ఆమె తీసుకోదా? అక్కడే కూలబడ్డాను.

"ఫికర్ చెయ్యకు," అంది వదిన. "గీడ నుంచి పాలమూరుకు నడుద్దాం. రేపు రైలెక్కి మళ్ల గీడికే వద్దాం. ఎటు మొహం పెట్టి నడిస్తేంది, అడుగులన్నీ అడుగులే."

"అమ్మవారికి వీపు పెట్టి నడుస్తరా వదినా?"

అప్పుడు వదిన కూడా చప్పబడింది. మాట పోతే పోయేది ఆమె తల్లికే కదా. "అయితే ఫోన్ చెయ్యి," అంది చిన్నగా. "ఉన్నదో పొయ్యిందో తెలుస్తది."

మా ఆయన ఎత్తి ఫోను అత్తమ్మకిచ్చాడు. జరిగిందంతా చెప్పాను. ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"కొబ్బరికాయ మర్సినవు. ఊరు మర్సినవు. నన్ను యాద్ పెట్టుకున్నవు, సంతోషం," అంది అత్తమ్మ. "ఏమే, రైలెక్కనని మొక్కినవా, నడుస్తనని మొక్కినవా?"

"నడుస్తననే అత్తమ్మా."

"మరి రైలు నడిచింది, నువ్వు కూసున్నవు. అది రైలు పుణ్యం, నీ లెక్కల రాదు. పాలమూరుకు వాపసు పో. పొద్దుగాల ఆడికెళ్లే నడువు. తల్లి కాళ్లడుగుతది గానీ కండ్లడుగుతదా? నిద్రొస్తే..."

మాట ఆగిపోయింది.

"అత్తమ్మా! అత్తమ్మా!" అని అరిచాను. పల్లీల ముసలమ్మ లేచి నిలబడింది. ఎన్నిసార్లు చేసినా కలవలేదు. ఇంతలో మహబూబ్‌నగర్ వైపు రైలొచ్చింది. ఈసారి ఇద్దరం కళ్లు మూయలేదు. సిగ్నల్ పోయింది, ఇంకేం కాలేదు అని వదిన నాకు చెబుతూనే ఉంది. అంటూనే ఫోను నా చేతిలోంచి లాక్కుని తనే మళ్లీ మళ్లీ చేసింది.

మహబూబ్‌నగర్లో దిగగానే కలిసింది. అత్తమ్మే ఎత్తింది.

"నేను మాట్లాడుతుంటె పెట్టేస్తవా? గంట సేపు గోడకు జెప్పినట్టు జెప్పిన! ఉండు, మళ్ల మొదటికెళ్లి జెప్త."

మొదటి నుంచీ చెప్పింది. వదిన ఫోనుకు చెవి ఆనించి, "అమ్మా, జర ఊపిరి తీస్కో," అని కళ్లు తుడుచుకుంది.

తెల్లవారి మహబూబ్‌నగర్ నుంచే నడక మొదలుపెట్టాం. మన్యంకొండ దగ్గర ఆగి, నిన్నటి దండమూ నేటి దండమూ కలిపి పెట్టాను. రైలు అరగంటలో దాటించిన దారి మాకు పొద్దంతా పట్టింది. ఆ పొద్దంతా అత్తమ్మ ఫోన్ చేస్తూనే ఉంది. ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"నడుస్తున్నవా, పండుకున్నవా?"