ఓబులేసన్న ఆటలో పడినవాడు లేవడు

ఓబులేసన్న అస్తమించాడన్న వార్త నాకు ఏ బంధువూ చెప్పలేదు, ఏ మిత్రుడూ చెప్పలేదు. ఒక ఫ్లెక్సీ చెప్పింది. ఆదివారం ఆరాధన ముగించుకొని జమ్మలమడుగులో బస్సెక్కి, ఏదో పనిమీద ప్రొద్దుటూరులో దిగాను. ఎదురుగా సర్కిల్లో ఆయన ముఖం వేలాడుతోంది. పైన నాయకుడి ముఖం చేటంత, పక్కన ఆ నాయకుడి కొడుకు ముఖం పళ్లెమంత, అడుగున ఒక మూల అన్న ముఖం రూపాయి బిళ్లంత. 'పార్టీ సీనియర్ కార్యకర్త చిన్నోబులేసుకు అశ్రునివాళి' అని రాసి ఉంది. పక్కనున్న అంగడి అరుగు మీద కూర్చున్నాను. దుఃఖం కన్నా ముందు కోపం వచ్చిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఏ పార్టీకి, ఎప్పటి కార్యకర్త? పార్టీ కండువాతో చేతులైనా తుడుచుకోని మనిషి ఆయన. ప్రాణం పోయి పూట తిరగలేదు, బంధువులు కడపటి చూపుకైనా చేరుకోలేదు, అప్పుడే ఆయన్ను తమ లెక్కలో వేసుకున్నారు. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం భక్తి ఒక్కటే కాదు, ఆ ఫ్లెక్సీ కూడా.

ఎరగనివారికి చెప్పాలి. చిన్నోబులేసు జమ్మలమడుగు తట్టు ఒక పల్లెలో గొర్రెలు కాసుకొనే ఇంట పుట్టాడు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో, ఒక మేడగదిలో కంప్యూటర్ సెంటర్ నడిపాడు. పగలంతా దరఖాస్తులూ పెళ్లి పత్రికలూ టైపు చేయడం జీవనోపాధి. సాయంత్రమైతే ఆ గది స్వరూపమే మారిపోయేది. ఆర్పీజీలని కంప్యూటర్లో ఆడే కొన్ని ఆటలున్నాయి. వాటిలో మనమొక పాత్ర ధరించి, తోటివాళ్లను కూడగట్టుకొని, ఊళ్లూ అడవులూ తిరుగుతూ, ఎదురైనవారితో మాట్లాడుతూ, తగవులు తీరుస్తూనో పెంచుతూనో సాగిపోవాలి. పాత కాలపు ఆర్పీజీలంటే అన్నకు పంచప్రాణాలు. వాటిని ఎవరైనా కాలక్షేపమంటే ఆయనకు చిర్రెత్తుకొచ్చేది. "కాలచ్చేపానికైతే పులిజూదం ఆడుకోపోండప్పా, ఈడికి రావద్దండి" అనేవాడు.

మాది తరతరాలుగా పంతుళ్ల ఇల్లు. మిషను కాలం నుంచీ క్రైస్తవులం. టీచరు ఉద్యోగం రాకముందు టైపు నేర్చుకుందామని నేను ఆ గదికి పోయాను. పాత ఆటల్లో గొంతులుండవు. పాత్రల సంభాషణ సమస్తమూ తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది. ఆడటానికి వచ్చేవాళ్లేమో పల్లెల నుంచి కాలేజీ చదువుకొచ్చిన పిల్లకాయలు, ఇంగ్లీషంటే ఆమడ దూరం పరిగెత్తే రకం. ఒక సాయంత్రం అన్న నన్ను పిలిచి, "సుగుణమ్మా, ఈ గడ్డమాయప్ప ఏమంటాండాడో చదివి చెప్పు" అన్నాడు. చదివి మన మాటల్లో చెప్పాను. నాటి నుంచి ఆ గదిలో అదే సంప్రదాయమైపోయింది. ఒకరు మౌసు పట్టాలి, నేను చదవాలి, తక్కినవాళ్లు ఏం బదులియ్యాలో తర్కించాలి, అందరూ ఒప్పుకున్నాకే నొక్కాలి. తెర మీద ఎవరు ఎదురైనా మావాళ్లు ముందడిగే ప్రశ్న ఒకటే: "ఈయప్ప ఎవురి తట్టు?" వాడు ఎవరి తట్టూ కాదు, రొట్టెలు అమ్ముకునేవాడని నేను చెప్పినా నమ్మేవాళ్లు కాదు. నా గొంతు బొంగురుపోతే అన్న కిందినుంచి సోడా తెప్పించేవాడు.

ఆ రోజులు ఎటువంటివో ఈ సీమలో పుట్టినవారికి నేను చెప్పాలా? పులివెందుల బస్సులో పక్క సీటువాడిది ఏ ఊరో కనుక్కొని కూర్చునే రోజులు. మా గదికొచ్చే పిల్లకాయల్లో గంగాధరుడి ఊరు ఒక నాయకుడిది, మస్తాను ఊరు ఆ నాయకుడి పగవాడిది. కింద వీధిలో ముఖముఖాలు చూసుకోని ఆ ఇద్దరూ మేడ మీద ఒకే బెంచీ పంచుకొని ఒకే గుంపును నడిపారు. అన్న పెట్టిన కట్టడి మాత్రం కఠినం. ఆటలో గుంపులోనివాడు ఎవరైనా చనిపోతే, పాత సేవ్, అంటే అంతకుముందు దాచిపెట్టుకున్న ఆట తెరిచి వాణ్ని బతికించుకోకూడదు. "సచ్చినోడు సచ్చినట్టే. మళ్లా లేపుకుంటామంటే నా గదిలో కుదరదు" అనేవాడు. ఆ కట్టడి పుణ్యాన, బయట మాటకు ముందు రాయెత్తే పిల్లకాయలు లోపల కత్తి దూసేముందు తలలు పట్టుకొని ఆలోచించేవాళ్లు. "అక్కా, మాటల్తో పోయే దావ ఏమన్నా ఉండాదేమో ఇంగోసారి చదువు" అని నన్ను బతిమాలుకునేవాళ్లు.

ఒక ఆటలో మస్తాను నడిపే యోధుడు గుహలో చనిపోయాడు. గంగాధరుడి తొందరపాటే దానికి కారణం. ఇతరులైతే ఆ యోధుడి కవచం ఒలుచుకుపోయి అంగట్లో అమ్ముకుంటారు, ఆట కూడా అదే ఆశిస్తుంది. మావాళ్లకు ఆ ఆలోచనే రాలేదు. "బయట సచ్చినోన్ని ఊరికి తీసకపోవల్ల గదా" అన్నాడు గంగాధరుడు. శవాన్ని ఎత్తుకునే వీలు ఆ ఆటలో లేదు. శవం రాకుంటే వాని అంగీ అన్నా ఇంటికి చేరాలని తీర్మానించి, ఆ ఇనుప అంగీని గంగాధరుడి పాత్ర వీపున వేశారు. బరువుకు నడక సాగదు, వెనక తోడేళ్లు తగులుకున్నాయి, దారిలో ఇంకొక తోటివాడు కూడా పోయాడు. పారేసి పరిగెత్తుదామని ఒక్కరూ అనలేదు. చిట్టచివరికి ఆ యోధుడి అక్క ఉండే గుడిసెకు చేరి, నేల మీద అంగీ దించారు. ఆ పనికి ఆట ఏ బహుమానమూ ఇవ్వలేదు, అటువంటి పని చేస్తారని దానికి తెలియనే తెలియదు. కానీ ఎన్నాళ్ల తర్వాత ఆ గుడిసెకు పోయి చూసినా అంగీ పెట్టినచోటనే ఉండేది. టీ గ్లాసులతో వచ్చిన అన్న భార్య లచ్చుమ్మ గుమ్మంలోనే నిలబడి అదంతా చూసింది. అన్న మాత్రం మధ్యలోనే లేచి వరండాలోకి పోయి చాలాసేపు లోపలికి రాలేదు.

ఎందుకని తర్వాత లచ్చుమ్మను అడిగితే చెప్పింది. ఆయన తోడబుట్టిన అన్న పెద్దోబులేసు ఒక నాయకుడి వెంట తిరిగేవాడు. ఒకనాడు ఎదుటి నాయకుడి మనుషులు దారి కాచి నాటు బాంబులు వేసి చంపేశారు. శవం ఊరు చేరేసరికి నాయకుడు కారు దిగి కండువా కప్పాడు. "తియ్యండప్పా, నా కొడుకు మొగం సూడాల" అని తల్లి నేలబడి ఏడుస్తుంటే ఫోటోలు అయ్యేదాకా ఆగమన్నారట. ఆ శవం ముందే నాయకుడు చిన్నోబులేసు చెయ్యి పట్టి పైకెత్తి, "తమ్ముడుండాడు, ఈడు సూసుకుంటాడు" అని జనానికి చాటాడు. ఎవరిని, ఏమి చూసుకోవాలో విడమరచనక్కరలేదు. ఆయన చెయ్యి విడిపించుకొని వచ్చేశాడు. గాజులు తొడుక్కోమన్నారు, చీర పంపిస్తామన్నారు. ఆ మాటలన్నీ పడ్డాడు. పెండ్లయ్యాక భార్యను అడిగింది ఒక్కటే: "నేను పోతే నా మింద గోనెసంచి అన్నా కప్పు లచ్చుమ్మా, కండువా మాత్రం కప్పనీయొద్దు."

ఇక కొత్త ఆటలు. అన్న చూడకుండా తిట్టే మనిషి కాదు. మంచి కంప్యూటర్ కొని మరీ ఆడాడు. "శానా సొగసుగా ఉండాది సుగుణమ్మా. గడ్డి ఊగతాండాది, నీళ్లల్లో మబ్బు కనపడతాండాది" అని మొదట మురిసిపోయాడు. వారం తిరిగేసరికి ఆ ముఖం చూడాలి. "కొట్లాట అయిపోతానే పడినోళ్లంతా లేసి మట్టి దులుపుకుంటాండారు. ఇంగ కొట్లాటంటే భయమేముండాది?" అని నా మీద ఎగిరాడు, ఆ ఆట నేనే చేసినట్టు. ఎటు పోవాలో తెర మీద బాణం గుర్తు చూపిస్తే మన కండ్లెందుకన్నాడు. ఏ జవాబు నొక్కినా ఒకే చోటికి తీసుకుపోతే అడగడం ఎందుకన్నాడు. శవాలు కాసేపటికి తమంతట తామే మాయమైపోవడం ఆయన అసలు సహించలేకపోయాడు. "ఈ ఊర్లో సచ్చినోడు సచ్చినట్టు గుర్తు కూడా లేదు. ఇది ఊరంటావా?"

నేను ఊరుకోలేదు. న్యాయం న్యాయమే కదా. పాత ఆటల్లో అక్షరాలు చీమల బారు, ఏ మీట దేనికో తెలిసేసరికి తల ప్రాణం తోకకొచ్చేది, సంచుల్లో సామాను సర్దడానికే సాయంత్రమంతా పోయేది, ఉన్నట్టుండి సేవ్ చెడిపోయి నెలల శ్రమ మట్టిపాలయ్యేది. కొత్త ఆటల్లో పాత్రలు మాట్లాడతాయి, చదవలేనివాడికి కూడా విని కొంత అర్థమవుతుంది, అది తక్కువ మేలా అని వాదించాను. ఆయన, "అవునుమ్మా, గొంతులొచ్చినాయి. నువ్వు చదివే పని పోయింది, వీళ్లు కూచోని తర్కించే పనీ పోయింది. ఎవురి చెవుల్లో వాళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకోని ఆడుకుంటాండారు" అన్నాడు. కొత్తవాటిలో నాకిష్టమైనవి ఇప్పటికీ ఉన్నాయి. ఈ ఒక్క మాట మాత్రం ఆయనకే వదిలేశాను.

ఆయన ఆగ్రహం బొమ్మల మీదనే అనుకుంటే పొరపాటు. ఒక ఎన్నికలప్పుడు, పెద్దోబులేసును ముందుకు తోసిన నాయకుడూ, ఆయన్ను చంపించిన నాయకుడూ ఒకే పార్టీలో చేరి, మా సందు చివర వేదిక మీద ఒకరికొకరు దండలు వేసుకున్నారు. ప్రాంతాభివృద్ధి కోసం గతాన్ని మరిచామని మైకులో చెప్పుకున్నారు. మరిచిపోవడానికి వాళ్లింట్లో పోయింది ఎవరు? కలిస్తే మంచిదే కదా అనే పెద్దమనుషులున్నారు. మంచిదే, ఆ కలిసేదేదో శవాలు పడకముందు కలవకూడదని ఎవరన్నారు? వరండాలో నిలబడి అదంతా విన్న అన్న, "వీళ్లు లేసినారు సుగుణమ్మా. మా అన్న లేసినాడా?" అన్నాడు. ఆ రోజు ఆటలు పెట్టలేదు, గది మూసేశాడు.

ఆ ఆదివారం నేను అన్న ఇల్లు చేరేసరికి ఆయనను వరండాలో పడుకోబెట్టి ఉన్నారు. గుండె ఆగి నిద్రలోనే పోయాడట. నా ఫోన్‌కు లచ్చుమ్మ చేసిన కాల్స్ ఆరాధనలో నేను చూసుకోలేదు. గడ్డం దాకా కండువా కప్పి ఉంది. కప్పింది ఎవరనుకున్నారు? మన గంగాధరుడే. ఇప్పుడతను ఆ పార్టీలో వార్డు నాయకుడు. పైనుంచి ఆజ్ఞ వచ్చింది, కప్పి ఫోటో పంపమన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు తెరవబోతే, తలాపున కూర్చున్న లచ్చుమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. కొంగుతో ముఖం తుడుచుకొని అతన్ని అడిగింది.

"గంగాధరా, ఆ పొద్దు గుహలోంచి ఇనప అంగీ మోసకొచ్చింది నువ్వే గదప్పా?"

అతను తల వంచుకున్నాడు. చుట్టూ పార్టీవాళ్లున్నారు.

"అది ఎవురిదో వాళ్లింటికి చేర్చినావు. ఈ కండువా ఎవురిదో వాళ్లింటికి చేర్చుపో నాయనా. ఈయనది కాదు ఇది."

గంగాధరుడి జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. కండువా తీస్తే తన పదవి ఏమవుతుందో అతనికి తెలుసు, అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. అతను మోకాళ్ల మీద కూర్చొని, ఆ కండువా నెమ్మదిగా తీసి, మడతపెట్టి, వీధిలో ఆగి ఉన్న పార్టీ జీపు సీటు మీద పెట్టి వచ్చాడు. వేంపల్లె నుంచి అప్పుడే దిగిన మస్తాను తాను తెచ్చిన తెల్ల దుప్పటి అన్నకు గుండెల దాకా కప్పాడు. లచ్చుమ్మ ఆ ముఖాన్ని కళ్లారా చూసుకుంది. పాడెకు ముందువైపు ఒక పక్క గంగాధరుడు, ఒక పక్క మస్తాను భుజం పట్టారు. సాయంత్రానికి గుంతలో దించి మన్ను చేసి వచ్చాం.

గంగాధరుడి పదవి పోయింది. సర్కిల్లో ఫ్లెక్సీ మాత్రం పోలేదు. దాన్ని కట్టించినవారు ఈ వ్యాసం చదువుతారని నాకు తెలుసు. అయ్యా, మీరు పంచిన కండువాలు మోసినవాళ్లు ఈ జిల్లాలో కావలసినంతమంది ఉన్నారు, వాళ్ల ఫోటోలు వేసుకోండి. మీ పట్టులోంచి చెయ్యి విడిపించుకుపోయిన ఒక్క మనిషిని మాకు వదిలేయండి. ఆ బొమ్మ దించండి.

నిన్న లచ్చుమ్మ ఆ మేడగది తాళం తీసి, పాత కంప్యూటర్ పెట్టమంది. పెట్టాను. ఆటలో ఆ యోధుడి అక్క గుడిసెకు పోయి చూశాం. అంగీ పెట్టినచోటనే ఉంది. ఆమె తెర మీద ఆ అంగీని చేత్తో తడిమి చూసింది.

ఓబులేసన్నా, పగ వారసత్వంగా వచ్చిన నేల మీద పుట్టి దాన్ని పుచ్చుకోనన్న ధీశాలివి నువ్వు. నీ లోటు పూడ్చేవారు ఈ సీమలో నాకు కనబడరు. అదే కంప్యూటర్ ముందు కూర్చొని ఇది రాస్తున్నాను, తెర మీద పాత సేవ్‌లన్నీ వరుసగా ఉన్నాయి. ఇన్నేళ్లలో నీ కట్టడి నేను ఒక్కసారీ దాటలేదు. ఇప్పుడు, ఈ ఒక్కసారికి, దాటాలని నా చెయ్యి మౌసు మీదికి పోతోంది. నువ్వేమంటావో నాకు తెలుసు. అంత నిర్దయ ఏందన్నా నీకు?